గుమస్తా బంగళాలో నీలి వెలుగు

బారువ దాటి, ఇసుకబాట పట్టుకుని కొంతదూరం దక్షిణంగా నడిస్తే, సరుగుడు తోట అయిపోయే చోట ఒక మొండి బంగళా ఉంది. పగటిపూట చూస్తే అందులో భయపడాల్సిందేమీ లేదు. కప్పు సగం కూలిపోయింది. తలుపుల్ని ఎవరో ఏనాడో పొయ్యిలోకి పట్టుకుపోయారు. సముద్రం వైపు ఒక్క కిటికీ మాత్రం చెక్కుచెదరకుండా నిలబడింది. మధ్యాహ్నం ఎండకి మేకలు లోపలికి పోయి పడుకుంటాయి.

పొద్దుగూకితే మేకలు కూడా ఉండవు.

దాన్ని గుమస్తా బంగళా అంటారు. ఈ ఒడ్డుకి ఓడలు వచ్చే రోజుల్లో అక్కడ రేవు గుమస్తా ఒకడు ఉండేవాడట. ఓడ లోతులో ఆగితే, సరుకూ మనుషులూ పడవల్లో ఒడ్డుకి రావాలి. ఉత్తరంగా, ఇసుక మెత్తగా ఉన్నచోట ఒక గుంజ పాతి ఉండేది. రాత్రిపూట దానికి లాంతరు తగిలించడం గుమస్తా పని. ఒక గాలివాన రాత్రి అంతదూరం తడుస్తూ వెళ్లడానికి బద్ధకించి, లాంతరు తన కిటికీలోనే పెట్టుకుని పడుకున్నాడట. పడవ ఆ దీపాన్ని నమ్మింది. బంగళా ఎదురుగా నీళ్లలో పాతరేవు రాళ్లున్నాయి... ఇప్పటికీ ఉన్నాయి. ఒక్క మనిషీ మిగల్లేదు.

అప్పటినుంచీ, గాలి పట్టిన రాత్రుల్లో ఎప్పుడైనా ఆ కిటికీలో దీపం కనిపిస్తుందని చెప్పుకుంటారు. కనిపించిందా — ఏ పడవా గట్టెక్కకూడదు. తెల్లారేదాకా లోతులోనే ఉండిపోవాలి. గట్టు మీద కాగడాలు పట్టుకున్న ఆడవాళ్లు వాటిని ఇసకలో గుచ్చి ఆర్పేసి, వెనక్కి చూడకుండా ఇళ్లకి పోవాలి.

ఇది విని నవ్వుకునేవాణ్ణి నేను. మాది నందిగాం. వరీ, జీడితోటలూ చూసుకుంటూ బతికినవాణ్ణే గాని, ఆ కాలానికి పర్లాకిమిడి వెళ్లి బి.ఏ. చదివినవాణ్ణి. హాస్టల్లో కిరసనాయిలు దీపం కింద అద్దె డిటెక్టివ్ నవలలు నమిలి మింగినవాణ్ణి. హంతకుడు ఎవరో చివరి పేజీలో తేలకపోతే ఆ రాత్రి నాకు నిద్ర పట్టేది కాదు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, ఈ కథ మొదలైంది కూడా ఒక డిటెక్టివ్ దగ్గరే.

కథ నేను చూసింది కాదు, విన్నది. మా చెల్లెలి కొడుకు ప్రేమ్‌కుమార్ చెప్పగా సగం, పల్లెవాళ్లు చెప్పగా సగం.

రెండు వేల నాలుగో, అయిదో. ప్రేమ్‌కుమార్ పలాసలో, స్టేషను రోడ్డులో, కంప్యూటర్ ఆటల సెంటర్ నడిపేవాడు. జీడి కాల్చే పొగ వాసన కిటికీలోంచి వస్తూ ఉండేది. లోపల కుర్రాళ్లు కార్లు తోలుకునేవారు, తుపాకులు పేల్చుకునేవారు. ఆటల సీడీలు బరంపురం నుంచి కట్టలుగా తెచ్చుకునేవాడు. అలా వచ్చిన ఒక కట్టలో, పేరు కూడా సరిగా అచ్చు పడని సీడీ ఒకటి తగిలింది. కుర్రాళ్లు దానికి చేపలూరి డిటెక్టివ్ అని పేరు పెట్టారు.

ఒక డిటెక్టివ్, సముద్రం ఒడ్డున ఉన్న ఒక పల్లెకి వస్తాడు. పల్లెలో మనుషులు ఒక్కొక్కరే మాయమవుతున్నారు. చంపినవాడు ఎవడూ లేడు. సముద్రం అడుగున ఏదో ఉంది... ఆకాశం కన్నా పెద్దది, మనిషి పుట్టకముందు నుంచీ పడుకుని ఉన్నది. దానికి మన మీద పగా లేదు, ప్రేమా లేదు. మనం ఉన్నామనే దానికి తెలీదు. చివరికి డిటెక్టివ్ ఒక కిటికీ దగ్గర దీపం ముందు నిలబడతాడు. సముద్రం లోంచి ఏదో పిలుస్తూ ఉంటుంది. తెర మీద ఇంగ్లీషులో రెండు మాటలు వస్తాయి: దీపం ఆర్పు, దీపం వదిలెయ్. ఏది నొక్కినా అంతా నల్లబడిపోతుంది. ఆట సమాప్తం.

ఆ నల్లతెర మీద పలాసలో జరిగినన్ని వాదాలు మా పంచాయితీ ఎన్నికల మీద కూడా జరగలేదు.

"మోసం బావా ఇది," అనేవాడు బాబీ. టెక్కలి దగ్గర భూములున్న ఇంటి పిల్లాడు. డిగ్రీ పేరుకి చదువుతూ, సెంటర్లో కుర్చీని అరగదీసేవాడు. "ఊరందరికీ ఒకటే మొహం. టోపీ మార్చి వేరే మనిషంటే ఎలా? వాడు నడుస్తుంటే మోకాళ్లు వంగవు. గోడలోంచి అవతలి గది కనిపిస్తాది. ఆ సముద్రంలో ఉన్నదేదో ఒక్కసారైనా సూపించాలా వద్దా? డబ్బుల్లేక తియ్యలేకపోయారు, పొగ వదిలి సరిపెట్టేసేరు."

"సూపిస్తే ఏటుంటాది?" అనేవాడు ప్రేమ్. ఆ సీడీ తెచ్చినవాడు కాబట్టి దాని పరువు తన పరువు. "సూపించకపోవడంలోనే ఉంది భయం."

కంప్యూటర్ క్లాసుకి వచ్చే ధరణి అనే అమ్మాయి ఒకే ముక్క చెప్పేది: "సౌండు తీసేసి ఆడి చూడండి. నవ్వొస్తుంది. భయమంతా ఆ హూంకారంలోనే ఉంది." రైలు కోసం ఎదురుచూస్తూ గంటసేపు ఆడే తారకేశ్వరరావు అనే ఆఫీసు గుమస్తాకి ఇంకో బెంగ. "ఇంతకీ ఆ డిటెక్టివ్‌కి కేసు అప్పజెప్పింది ఎవరండీ? జీతం ఎవరిస్తున్నారు?"

నన్నూ ఒకరోజు కూర్చోబెట్టారు. నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెప్పాను. మా ఊరి వీధినాటకంలో ఒకే తెర ముందు అడవీ నడిచేది, అంతఃపురమూ నడిచేది. అయినా రాత్రంతా కూర్చుని ఏడ్చి వచ్చేవాళ్లం. ఖర్చు తక్కువైతే తప్పేమీ కాదు. కాని వానలో అంతసేపు నడిచిన డిటెక్టివ్ కోటు తడవకపోవడం మాత్రం నాకు నచ్చలేదు అన్నాను. అందరూ నవ్వారు.

నవ్వనివాడు అప్పలరాజు ఒక్కడే.

అప్పలరాజు గుమస్తా బంగళా పక్క పల్లె వాడు. సముద్రం మీద బతికే ఇల్లు. తండ్రి తవిటయ్య, వీడి చేతికి తెడ్డు ఇవ్వకుండా పుస్తకం ఇచ్చి, పలాసలో హాస్టల్లో పెట్టి చదివిస్తున్నాడు. దెయ్యాలూ భూతాలూ అంటే వాడికి ఒళ్లు మంట.

"ఈ ఆట కట్టినోడు ఒక్కనాడూ పడవెక్కినోడు కాదు," అన్నాడు.

"అదేటి?" అన్నాడు ప్రేమ్.

"గట్టు మీదున్నోడు సంద్రాన్ని సూసి బయపడిపోతన్నట్టు తీసినాడు. సంద్రంలో ఉన్నోడికి సంద్రమంటే బయమేటి బావా? ఆడికి గట్టంటేనే బయం. గట్టు మీద తెలీని ఎలుగంటే బయం."

అని ఊరుకోక, తమ ఊరి బంగళా సంగతి చెప్పాడు. ఎగతాళిగానే చెప్పాడు.

బాబీ కళ్లు మెరిశాయి. "అయితే అక్కడికే పట్టుకుపోదాం. ఈ ట్యూబులైటు కింద, జీడిపొగలో కూర్చుంటే భయం ఎక్కణ్ణించి వస్తాది? ఆ కిటికీ దగ్గర కూర్చుని ఆకరి సీను ఆడదాం. నేను భయపడితే ఇది గొప్ప ఆటని ఒప్పుకుంటా. లేకపోతే ఆ సీడీని ప్రేమ్ బావే విరగ్గొట్టాల."

"నీ గుండెకాయ కూడా తడవదులే మావా, ఆ కోటులాగ," అన్నాడు అప్పలరాజు.

అలా కుదిరింది పందెం.

ఇక్కడ పల్లె గురించి ఒక మాట చెప్పాలి. నీటి మీద ఉన్నంతసేపు వాళ్లు ఇంట్లోవాళ్ల పేర్లు ఎత్తరు. పేరు వింటే సముద్రం గుర్తుపెట్టుకుంటుందట. పడవ కెరటాలు దాటి ఒడ్డుకి వచ్చేటప్పుడు, దాన్ని ఇసకమీదికి లాగడానికి చాలా చేతులు కావాలి కదా, అప్పుడు పడవలోవాళ్లు ఒకటే కేక వేస్తారు — ఓ గట్టోడా! ఒడ్డున ఎవరున్నా సరే, వెంటనే బదులు పలకాలి — ఓ నీటోడా! పలికినవాడు పరిగెత్తి తాడు పట్టుకోవాలి. అన్నదమ్ముల మధ్య కోర్టు దావా నడుస్తున్నా సరే, ఆ కేకకి పలక్కుండా ఉండడు. నాకు చాలా నచ్చిన మర్యాద అది.

వాళ్లు వెళ్లిన రోజు కార్తీకంలో ముసురు. సముద్రంలో వాయుగుండం ఉందనీ, రాత్రికి గాలి తీరం తాకుతుందనీ రేడియో పొద్దున్నుంచీ చెబుతోంది. ఉత్తరాన డొంకూరు నుంచి కిందదాకా పడవలన్నీ ఇసక మీదికి ఎక్కేశాయి. అప్పలరాజు కూడా అదే అనుకున్నాడు, తండ్రి పడవ ఇసక మీద ఉందని.

లేదు.

అంతకు ముందురోజు వేసిన వల లోతులో ఉండిపోయింది. గాలికి వల పోతే ఆ యేడు ఇల్లు గడవదు. తవిటయ్య తన బావమరుదులిద్దర్నీ తీసుకుని, పాత చెక్కపడవలో వల తేవడానికి పొద్దుటే వెళ్లాడు. చీకటి పడినా తిరిగి రాలేదు. ఆ సంగతి హాస్టల్లో ఉన్న కొడుకుకి చేరలేదు.

ఉత్తరపు ఒడ్డున అప్పలరాజు తల్లి కాసులమ్మ కొబ్బరాకు కాగడా పట్టుకుని నిలబడింది. ఆమెతో ఇంకొందరు ఆడవాళ్లు. కెరటం చప్పుడుకి ఒకరి మాట ఒకరికి వినిపించడం లేదు. అందరి కళ్లూ నీళ్ల మీదే ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే ప్రేమ్‌నీ అప్పలరాజునీ ఎక్కించుకున్న బాబీ జీపు వెనకదారిన, పల్లె కంట పడకుండా, సరుగుడు తోటలోకి వచ్చి ఆగింది.

కంప్యూటరు దింపారు. సెంటర్లో కరెంటు పోయినప్పుడు వాడే బ్యాటరీ, ఇన్వర్టరు దింపారు. చప్పుడు చెయ్యని సరంజామా. బంగళాలో ఒక కూలిన దూలం మీద తెర పెట్టారు. బాబీ పట్టుబట్టాడు, ఆడేవాడు సముద్రానికి వీపు పెట్టి కూర్చోవాలని, అప్పుడే భయం అసలైన భయమని. అందుకని తెరని కిటికీకి ఎదురుగా తిప్పారు.

అంటే ఆ వెలుగు సరాసరి కిటికీలోంచి సముద్రం మీదికి పోతోంది.

అది ఆ ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

ఒడ్డున ముందుగా చూసింది ఎవరో తెలీదు. "ఓలమ్మా..." అని ఒక గొంతు మాత్రం వచ్చిందట. అందరూ తిరిగి చూశారు. గుమస్తా బంగళా కిటికీలో వెలుగు. ఎర్రటి లాంతరు వెలుగు కాదు. నీలం. చచ్చిన చేప కడుపులాంటి నీలం. వణుకుతోంది... ఆగుతోంది... మళ్లీ వణుకుతోంది.

కాగడాలు ఒక్కొక్కటే ఇసకలో దిగి ఆరిపోయాయి.

"రాయే కాసులూ. సూడకు. వొచ్చీ."

"నా ముగ్గురూ నీట్లో ఉన్నారే."

"గట్టు మీద నీలం ఎలుగుంటే ఆళ్ళెలాగూ రారు. నువ్వుండి ఏటి సేత్తావే?"

కాసులమ్మ కాగడా ఆర్పింది. ఆచారం కాబట్టి ఆర్పింది. కాని అక్కణ్ణించి కదల్లేదు. మిగిలినవాళ్లు వెళ్లిపోయారు. ఆమె చీకట్లో, ఆరిన కాగడాతో, ఒక్కతే నిలబడింది.

నీళ్ల మీద తవిటయ్య కూడా చూశాడు. వల దొరికింది, పడవ బరువెక్కింది, వెనక గాలి లేస్తోంది. ఎదురుగా తన ఊరి ఒడ్డు. ఆ ఒడ్డున వెలగకూడని వెలుగు. పడవ ముక్కు అలాగే ఆపేశాడు. గట్టెక్కితే రాళ్లు... ఆగితే గాలి. రెండింటి మధ్యా పడవ కెరటం మీద పైకి లేస్తోంది, కిందికి పడుతోంది.

ఇక్కడ బంగళాలో బాబీ ఆడుతున్నాడు. ప్రేమ్, అప్పలరాజు చెరోపక్కా కూర్చున్నారు. డిటెక్టివ్ మోకాళ్లు వంచకుండా మెట్లెక్కుతున్నాడు. స్పీకర్లలో ఆ హూంకారం... సన్నగా మొదలై, గోడల్లోకి పాకి, కింద ఇసకలోంచి వస్తున్నట్టుగా...

"ఏం మావా, తడిసిందా?" అన్నాడు అప్పలరాజు గుసగుసగా.

"నోర్ముయ్."

తెర మీద కిటికీ వచ్చింది. దీపం వచ్చింది. రెండు మాటలు వచ్చాయి. ఆర్పు... వదిలెయ్...

అప్పుడు వినిపించింది.

"ఓ... గట్టోడా..."

ఎంతో దూరం నుంచి. గాలి ముక్కలు చేసి పట్టుకొచ్చినట్టు.

బాబీ చెయ్యి ఆగింది. "ఇది... ఆటలోదేనా?"

"ఆటలో తెలుగెందుకుంటాది మావా?" అన్నాడు ప్రేమ్. నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు. చెయ్యి చాపి స్పీకర్ల శబ్దం తగ్గించాడు. ఇంకా తగ్గించాడు. పూర్తిగా ఆపేశాడు.

హూంకారం ఆగిపోయింది. కెరటాలు.

"ఓ... గట్టోడా..."

ముగ్గురి వీపులూ సముద్రానికే ఉన్నాయి. ఎవరూ తిరగలేదు. తిరగాలంటే మెడ ఉండాలి కదా, మెడ ఉన్నట్టే అనిపించలేదు అని ప్రేమ్ నాతో అన్నాడు. వాడు అబద్ధాలు చెప్పే పిల్లాడు కాదు.

మొదట కదిలింది అప్పలరాజు. వాడి మొహం నీలివెలుగులో చూడలేనట్టుగా ఉందట.

"బావా... పడవుంది. సంద్రంలో పడవుంది."

"ఈ గాలికి ఎవడెళ్తాడ్రా?" అన్నాడు ప్రేమ్.

"మా అయ్య ఎళ్తాడు." వాడు లేచి నిలబడ్డాడు. "వల సంద్రంలో ఒగ్గీసి ఊరుకోడు మా అయ్య. ఆర్పీ బావా. ఎలుగు ఆర్పీ!"

"ఏటి?"

"ఈ ఎలుగు సూసి ఆళ్ళు గట్టెక్కరు! ఆళ్ళకి దెయ్యాలం మనవే బావా!"

ఆ సీను ఎన్నిసార్లు ఆడినా ప్రతిసారీ దీపం ఆర్పేసి పళ్లికిలించే బాబీ, ఇప్పుడు రెండు చేతులతో బ్యాటరీ మీద పడ్డాడు. "వొద్దు... వొద్దురా. నీకు దణ్ణం పెడతాను. పిలిసింది మీ అయ్యో ఎవరో మనకేటి తెలుసు? సీకట్లో నేనుండలేను..."

"మా అయ్య సచ్చిపోతాడ్రా!"

అప్పలరాజు వైరు పట్టి లాగేశాడు.

చీకటి. తెర మధ్యలో ఒక తెల్లటి చుక్క మిగిలింది. అది చిన్నదై, ఇంకా చిన్నదై... అదీ పోయింది.

"ఓ గట్టోడా!"

ఈసారి దగ్గరగా. చాలా దగ్గరగా. రాళ్ల దగ్గర నుంచి.

అప్పలరాజు కిటికీలోంచి సగం బయటికి వంగి, గొంతు చిరిగేలా అరిచాడు. "ఓ నీటోడా! ఇటు కాదు... రాళ్ళున్నాయి! ఉత్తరానికి రండి! రండీ!"

జవాబు రాలేదు. ఇంకోసారి పిలుపూ రాలేదు. గాలి కూడా ఒక్కక్షణం ఆగి, మళ్లీ మొదలైంది.

ఉత్తరాన, అంతదూరంలో, ఎర్రగా ఒక మంట లేచింది. బంగళాలో నీలివెలుగు ఆరిపోవడం చూసిన కాసులమ్మ తన కాగడా మళ్లీ ముట్టించింది. కొంగు చాటున అగ్గిపెట్టె పొడిగా దాచుకుని నిలబడిందట, అంతసేపూ.

ముగ్గురూ చేతులు పట్టుకుని పరిగెత్తారు. బాబీ చెయ్యి వదిలితే పడిపోతాడు. సరుగుడు వేళ్లు కాళ్లకి తగులుతున్నాయి. ఒకడు పడితే ముగ్గురూ పడుతున్నారు, లేస్తున్నారు. సగం దారిలో ఉండగా ఎదుట కాగడా ఆరిపోయింది. అప్పలరాజు ఒక్క కేక పెట్టాడు. అది మాట కాదు.

వాళ్లు వెళ్లేసరికి పడవ ఇసక మీద ఉంది.

కెరటం అందే చోట కాదు. చాలా పైకి, ఎండుచేపలు ఆరబెట్టే గట్టుదాకా ఎక్కి ఉంది. తవిటయ్య, అతని బావమరుదులు నడుంలోతు నీళ్లలో తోసి వచ్చి ఇసకలో వెల్లకిలా పడి రొప్పుతున్నారు. కాసులమ్మ తాడు పట్టుకునే ఉంది. కొడుకుని చీకట్లోనే గుర్తుపట్టి, వీపు మీద రెండు దెబ్బలు వేసి, తర్వాత ఏడ్చింది. ఇంకాసేపటికే గాలి వచ్చింది. ఆ రాత్రి సరుగుడు తోట సగం పడుకుంది.

అంతా అయ్యాక ఇందులో దెయ్యం ఎక్కడుంది అంటారా? నేనూ అదే అన్నాను. నీలివెలుగు కంప్యూటరుది. పిలుపు తవిటయ్యది. చివరి పేజీ తేలిపోయింది, హాయిగా నిద్రపోవచ్చు.

మర్నాడు గాలి తగ్గాక ప్రేమ్ తవిటయ్య దగ్గరికి వెళ్లాడు. తిట్లు తినడానికే వెళ్లాడు. తిన్నాడు కూడా.

"మీకు బుద్దీ జ్ఞానం ఉందేటి బాబూ? గుమస్తా కిటికీలో టీవీ పెడతారేటి?"

"తప్పయిపోయింది మావా. నువ్వు పిలిచేవు కాబట్టి సరిపోయింది. లేకపోతే మాకు తెలిసేది కాదు."

తవిటయ్య వల చిక్కు తీస్తున్నవాడు ఆగాడు. "ఎవులు పిలిసినారు?"

"నువ్వే. ఓ గట్టోడా అని..."

తవిటయ్య వల కింద పెట్టాడు. పక్కనే ఉన్న కొడుకు వైపు చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, సముద్రానికి వినపడకూడదన్నట్టు అన్నాడట:

"ఆ ఎలుగు కనబడితే పడవలో ఎవులూ నోరిప్పకూడదు బాబూ. తెడ్డు పట్టినోడికి సెప్పే మాట అది. ఈడికి తెడ్డు ఇయ్యనేదు కాబట్టి సెప్పనేదు. మేం పళ్ళు బిగించుకు కూకున్నాం. ఎలుగు ఆరినా నోరిప్పనేదు. గట్టెక్కినాక కూడా నిన్న రాత్రల్లా మేం నోరిప్పనేదు."

"మరి..."

"రాళ్ళకాడ మేం నేము. కాగడా ఎలిగేదాకా మా పడవ లోతులోనే ఉండిపోనాది."

ప్రేమ్ పలాస తిరిగొచ్చేశాడు. ఆ సీడీ ఎవరూ విరగ్గొట్టలేదు. బాబీ దాన్ని గొప్ప ఆటని ఒప్పుకున్నాడో లేదో తెలీదు గాని, మళ్లీ ఆ కుర్చీలో కూర్చోలేదు. సెంటర్లో కొత్త కుర్రాళ్లు వచ్చి, చివర ఏమీ చూపించకుండా నల్లతెర వేశాడేమిటని తిట్టుకుంటూనే ఉండేవారు. అప్పలరాజు వాదించేవాడు కాదు. ఒక్కటే అడిగేవాడట — "పిలిసినప్పుడు నువ్వు పలికేవా?"

ఆ కిటికీలో దీపం మాత్రం ఆ తర్వాత ఎవరూ చూడలేదు.

రెండేళ్ల తర్వాత అనుకుంటాను, ఎండుచేపల కోసం నేను బారువ వెళ్లి, అటునుంచి ఆ పల్లెకి వెళ్లాను. నందిగాంలో దొరికే ఎండుచేపల్లో ఇసక ఎక్కువ. కాసులమ్మ బుట్ట ముందు కూర్చుని ఉంది. అప్పలరాజు సెలవులకి వచ్చి, ఆమె వెనక గుంజకి ఆనుకుని నిలబడ్డాడు. మాటల్లో ఆ రాత్రి సంగతి వచ్చింది.

"అంత బరువు పడవ, నలుగురే ఎలా లాగేరమ్మా?" అన్నాను.

"ఏటి సెప్పమంటారు బాబుగోరూ," అంది చేపలు ఏరుతూ. "కాగడా పారీసి రెండు సేతుల్తో తాడు పట్టుకున్నాను. ముగ్గురూ నీట్లోంచి తోత్తన్నారు. ఇటుపక్క నానొక్కదాన్నే. ఇంక రాదు పడవ, అనుకున్నాను. అప్పుడు వొచ్చినాడు నా కొడుకు."

నేను తలెత్తాను.

"సీకట్లో మాట నేదు, పలుకు నేదు. నా పక్కన తాడు మీద సెయ్యేసినాడు. ఒక్క లాగుకి పడవ పైకొచ్చీసినాది. సచ్చినాడు, ఆ వానలో ఎంతసేపు తడిసినాడో..." ఆమె గొంతు మెత్తబడింది. "ఆ సెయ్యి ఎంత సల్లగా ఉందో, బాబుగోరూ. ఇప్పటికీ నాకు తెలుత్తాది."

ఆమె వెనక అప్పలరాజు కదల్లేదు. నా వైపే చూస్తున్నాడు. మెల్లగా, తల్లికి కనబడకుండా, తల అడ్డంగా ఊపాడు.

చెప్పకండి.